నేను ఇవ్వని మూడో పేజీ

2023 వానాకాలం. అప్పుడు నేను ఖమ్మంలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రేరియన్‌ని. డాక్టర్లకు, విద్యార్థులకు కావలసిన జర్నల్ పేపర్లు, అంటే పరిశోధన వ్యాసాలు, వెతికి ఇవ్వడం నా పని. బయటివాళ్లు మా దగ్గరికి రావడం అరుదు.

ఒక మధ్యాహ్నం చేతికి పిండికట్టుతో ఒక అమ్మాయి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. పేరు రూతు. ఊరు సారపాక. భర్త అక్కడి కాగితం మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. కట్టు కట్టిన ఎముకల డాక్టరే ఆమెను నా దగ్గరికి పంపాడు.

“కార్లు గుద్దుకుంటే మనిషికి ఏమైతదో పరీక్షలు జేసి రాసిన కాగితాలుంటయంట గద సార్. అవి గావాలె.”

“కేసు కోసమా అమ్మా?”

“కాదు సార్. నాకోసమే.”

కూర్చోమన్నాను. నెలన్నర కిందట పాల్వంచలో బంధువుల పెళ్లికి కిరాయి కారులో బయలుదేరారట. ఆమె ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఒడిలో ఏడాదిన్నర పాప. ముందు వెళ్తున్న జామాయిల్ కర్రల లారీ ఉన్నట్టుండి ఆగింది. కారు వెళ్లి దాన్ని గుద్దింది. ఆమె మణికట్టు విరిగింది. పాప చేతుల్లోంచి జారి ముందు అద్దానికి తగిలింది. దవాఖానాకు చేరేసరికి ప్రాణం లేదు.

“రెండు బిందెలు ఒక్కపారి మోసే చేతులు, పిల్లను పట్టలేకపోయినయా అంటది మా అత్తమ్మ. అందరి ముందటనే అంటది. మా ఇంటాయన ఏమనడు. గదే ఎక్కువ బాధైతది. నన్ను బెల్టు ఆపింది సార్. పాపను నేను ఆపాలె గద. ఇంకింత గట్టిగ పట్టుకుంటే ఆగేదా? గది తెల్వాలె.”

నీ తప్పు కాదని ఆమెకు అప్పటికే చాలామంది చెప్పారు. వాళ్ల పాస్టరూ చెప్పాడట. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు, రుజువు. రేపు రమ్మన్నాను.

ఈ శాస్త్రాన్ని క్రాష్ బయోమెకానిక్స్ అంటారు. వాహనం ఢీకొన్నప్పుడు శరీరం మీద ఎంత బలం పడుతుంది, ఏ భాగం ఎందుకు దెబ్బతింటుంది అన్నది అందులో చూస్తారు. తల్లి ఒడి, ఎత్తుకున్న బిడ్డ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలతో వెతికితే పాలివ్వడం గురించిన పేపర్లు వచ్చాయి. సాయంత్రానికి సరైన మాట దొరికింది. అన్‌రిస్ట్రెయిన్డ్. దేనితోనూ కట్టి ఉంచని మనిషి అని. తల్లి రెండు చేతులా పొదివి పట్టుకున్న బిడ్డ కూడా ఈ పరిశోధకుల లెక్కలో ఆ కిందికే వస్తుంది.

దొరికినవాటిలో తేలిక ఇంగ్లీషులో ఉన్న మూడు పేజీల పేపరు ఒకటి తీసుకున్నాను. పట్టాల మీద సీటును వేగంగా తోసి, ఒక్కసారిగా ఆపి, అందులో కూర్చోబెట్టిన బొమ్మలకు ఏమవుతుందో చూస్తారు. దాన్ని స్లెడ్ టెస్ట్ అంటారు. గుద్దుకున్న క్షణంలో బిడ్డను ఆపడానికి కావలసిన బలం ఆ బిడ్డ బరువుకు ఎన్నో రెట్లు, అది ఏ మనిషి చేతుల్లోనూ ఉండదు. మొదటి రెండు పేజీల సారం ఇది. మూడో పేజీలో, కారు వెనక సీటు మీద బిగించే పిల్లల సీటులో బిడ్డను బెల్టుతో కట్టి కూర్చోబెడితే బతికే అవకాశం బాగా పెరుగుతుందని ఉంది.

మొదటి రెండు పేజీలే ప్రింటు తీశాను.

అంతకు ముందు ఏడాది మా తమ్ముడు కొత్తగూడెం రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయాడు. అతని పోస్టుమార్టం రిపోర్టు చదివే ధైర్యం నాకు రాలేదు. అలాంటి నేను, ఆమె ఎంతవరకు చదవాలో నిర్ణయించాను.

మర్నాడు ఆ రెండు పేజీలూ తెలుగులో చెప్పాను.

“మా ఇంటాయన పట్టుకున్నా గంతేనా సార్?”

“అంతే.”

“మా అత్తమ్మ పట్టుకున్నా?”

“ఎవరు పట్టుకున్నా ఆగదమ్మా.”

“అయితే నేను ఇడ్వలేదు,” అంది. కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లింది. మంచిపని చేశాననుకున్నాను.

వారానికి మళ్లీ వచ్చింది. ఇంటర్ చదివిన మనిషి. ఒక్కో మాటకు ఫోన్‌లో అర్థం చూసుకుని పైన పెన్సిల్‌తో రాసుకుంది. రెండో పేజీ అడుగున వేలు పెట్టింది.

“గీడ లైను సగంలనే ఆగింది సార్. తర్వాత పేజీ ఏది?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మూడో పేజీ ప్రింటు తీసి ఇచ్చి, అర్థం చెప్పాను.

“అంటే పాప బతికేదా?”

“బతికే అవకాశం ఉండేది.”

“గిసొంటి సీట్లుంటయని మాకెవ్వలు జెప్పిండ్రు సార్?” అని ఏడ్చింది. నీళ్ల సీసా ముందుకు జరిపాను. ముట్టుకోలేదు.

“నేను ఏడుస్తనని దాసిండ్రా?”

“అవునమ్మా.”

“ఏడ్సుడు నా పని సార్. కాగితం ఇచ్చుడు మీ పని.”

కళ్లు తుడుచుకుని మళ్లీ అంది: “మా ఆడబిడ్డకు ఏడు నెలల పిలగాడున్నడు. మొన్ననే సెకండ్ హ్యాండ్ కారు కొన్నరు. ముందు సీట్లనే, ఒళ్లె పెట్టుకొని తిరుగుతున్నరు. నాకు దాస్తే గా పిలగానికి గూడ దాసినట్టే గద?”

మూడు పేజీలూ ఇంకో కాపీ కావాలంది. తీసి పిన్ను కొట్టి ఇచ్చాను. ఆదివారం ఆడబిడ్డ వస్తుందని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా తానే చదివి వినిపిస్తానని చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత రాలేదు. ఆ ఆదివారం వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

చదివేవాళ్లు ఎంత భరించగలరో తూచడం నా ఉద్యోగంలో భాగం కాదని ఆమె వల్ల తెలుసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అలాంటి కాగితాలు అడిగితే మొత్తం ఇస్తాను. వాళ్లు చదవడం అయ్యేదాకా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను.