తోట గేటు మీద నా రిపోర్టు

1981లో నేను జనగామలో సర్కారు భవనాలు చూసుకునే ఇంజనీరును. బచ్చన్నపేట రోడ్డు మీద ఒకప్పుడు పెద్ద తోట ఉండేది. తోట పోయి దాని గేటు మాత్రం మిగిలింది: రాతి పునాది, ఇటుక కమాను, దాని మీద సున్నంతో తీర్చిన చిలకలు, పక్కనే కాపలాదారుకు రెండు గదులు. రోడ్డు రెండు వైపులా కనబడేలా మూలకు ఒక కిటికీ. కట్టినవాడెవడో గానీ కాపలా పని తెలిసినవాడు.

కాపలాదారు చనిపోయాక ఆ గదుల్లో అతని భార్య కొమురమ్మ ఒక్కతే ఉండేది. గోడలు నెర్రెలిచ్చాయి, కండెమ్నేషన్ రిపోర్టు రాయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. భవనం పనికిరాదని ఇంజనీరు రాసిచ్చే కాగితం అది. నేను సంతకం పెడితే గేటూ పోతుంది, ఆమెకు నీడా పోతుంది.

వెళ్లి చూశాను. గోడ చెమ్మెక్కి ఉబ్బింది. వేలు దూరేంత పగులు.

“అవ్వా, గిది ఆగేటట్టు లేదు,” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వు కొత్తగ నౌకరికచ్చినప్పుడు గీ సిమెంటు పూయించింది నువ్వే గద సారూ? డంగు సున్నం గోడకు డంగు సున్నమే ఎయ్యాలె బిడ్డా అని మా ఆయన ఎంత మొత్తుకున్నడు! ఇన్నవా?”

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం సద్దుమణిగిన రోజుల్లో, కొత్త డిగ్రీ పొగరుతో, సున్నం పని పాతచింతకాయ పచ్చడి అనుకుని నేనే పూయించాను.

“గోడకేం కాలే సారూ. నువ్వు తొడిగిన అంగీ చినిగింది. జర ఇప్పి సూడు,” అంది.

ఉలి తెప్పించి పగులు పొడవునా కొట్టించాను. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వెనక ఏళ్ల తరబడి బయటికి పోలేక నిలిచిన చెమ్మ. ఇటుక కట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

‘నష్టానికి కారణం సిమెంటు పూత. వేయించింది ఈ రిపోర్టు రాస్తున్న నేనే’ అని రాసిచ్చాను.

“నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటవా ఏంది?” అన్నాడు పై ఆఫీసరు.

“తప్పు గోడది కాదు సార్, నాది,” అన్నాను.

నాకు మెమో వచ్చింది, అంటే తప్పు చేశావని ఆఫీసు ఇచ్చే చీవాట్ల కాగితం. గేటు మాత్రం నిలిచింది. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి గానుగలో రుబ్బిన డంగు సున్నంతో మళ్లీ పూయించాం. పాళ్లు చెప్పింది కొమురమ్మే. మేస్త్రీలు ఆమె తిట్లు తింటూనే పని పూర్తి చేశారు.

పాత గోడ మీద చెయ్యి వేసే ముందు, దానితో బతికినవాళ్లను అడగాలని అప్పుడు నేర్చుకున్నాను. తర్వాత ఎన్నో కొత్త భవనాలు కట్టించాను, మెచ్చుకోలు పత్రాలూ అందుకున్నాను. అవన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నది ఆ మెమో ఒక్కటే.