వదిన మీద నేను చెప్పిన సాక్ష్యం

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని లోపల మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేటలో మాది బట్టలు కుట్టి అమ్మే దుకాణం, తాత పెట్టింది. ఎనభైల్లో రెడీమేడ్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. నాన్న మూసేద్దామనుకుంటున్నప్పుడు దాన్ని నిలబెట్టింది మా అన్న భార్య. కోదాడ పిల్ల. నేతబట్టతో ఆడపిల్లలకు లంగాలు కుట్టించి, అంచు లోపల మూడు మడతలు దాచేది. పిల్ల ఎదిగినకొద్దీ ఏడాదికో మడత విప్పుకోవచ్చు. జాకెట్టు రెండువైపులా తొడుక్కోవచ్చు, ఒకవైపు గళ్లు, ఒకవైపు సాదా. గరిడేపల్లి నుంచి కూడా తల్లులు వెతుక్కుంటూ వచ్చేవారు.

వచ్చినవాళ్లంతా ఆమెనే అడిగేవారు. నేను బట్ట కొలిచి చింపేవాణ్ని. అనుమానం అక్కడే పుట్టిందా? లేక అసూయకే ఆ పేరు పెట్టుకున్నానా?

వదిన నెలకోసారి మిర్యాలగూడ వెళ్లేది. పాత గిరాకీలను చూసొస్తానని చెప్పేది. కొన్నాళ్లకు అక్కడి ఒక దుకాణంలో అచ్చం మా లంగాలే వేలాడాయి. ఇక ఆమె నవ్వినా నాకు అనుమానమే, ఊరుకున్నా అనుమానమే. ఒకరోజు ఆమెకు తెలియకుండా అదే బస్సులో వెనక నిలబడి వెళ్లాను. బస్టాండు దాటి ఆమె ఒక సందులోకి తిరిగింది. జనంలో మళ్లీ కనబడలేదు.

నేను చూసింది అంతే. నాన్నకు మాత్రం, మా లంగాల కొలతలు గీసిన కత్తిరింపు కాగితాలు ఆ దుకాణంలో ఇస్తుంటే చూశానని చెప్పాను.

నాన్న అందరినీ కూర్చోబెట్టాడు. "మన కాగితాలు గాళ్లకిచ్చినవా బిడ్డా?"

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు చూశావా తమ్ముడూ? నీ కళ్లతో?"

"చూసిన."

"నేను పోయేది చినిగిన లంగాలు చూడటానికి. ఎక్కడ చినుగుతుందో తెలిస్తేనే గదా, ఎక్కడ గట్టిగా కుట్టాలో తెలిసేది! ఆ ఇళ్లకు తీసుకెళ్తాను, రండి."

"ఇగ సాలు," అన్నాడు నాన్న.

ఎవరూ వెళ్లలేదు. వారంలో అన్న ఆమెను తీసుకుని కోదాడ వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత ఆ మిర్యాలగూడ దుకాణం దర్జీ ఏదో పని మీద మా దగ్గరికి వచ్చాడు. నవ్వుతూ చెప్పాడు: "మీ లంగ ఒకటి కొని కుట్లన్నీ ఇప్పినం సేటు. మూడు బట్టలు ఖరాబైనంక గాని ఆ మడత పట్టువడలే."

నేనొక్కణ్నే విన్నాను. నాన్న లోపలి గదిలోనే ఉన్నాడు, పిలిస్తే పలికేంత దూరంలో. పిలవలేదు. ఎందుకు? అప్పటికి ఆమె చోట నేను కూర్చున్నాను, తల్లులు నన్నే అడుగుతున్నారు, ఆ సుఖం ఇంకా కొత్తగా ఉంది, నిజం చెబితే ఒక్క పూటలో మళ్లీ బట్ట చింపేవాణ్నవుతానని భయపడ్డాను.

"దుకాణం చిన్నోడే నిలవెట్టిండు" అని నాన్న పోయేదాకా అందరికీ చెప్పాడు. ఆమె కొలతలతోనే నేటికీ కుడుతున్నాం. వదిన కోదాడలో ఒక్క మిషను మీద ఇరుగుపొరుగు జాకెట్లు కుడుతోంది. ఎవరింటి పెళ్లిలోనైనా ఎదురైతే "బాగున్నావా?" అంటుంది. అంతా తెలిసే అడుగుతోందా? ఆ పలకరింపునూ అనుమానిస్తాను. నా దర్జీలను అనుమానిస్తాను. అబద్ధమాడినవాడికి అందరి మాటా అబద్ధంలాగే వినిపిస్తుందేమో.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. మా వదిన దొంగ కాదు, దొంగసాక్ష్యం చెప్పింది నేను. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాశాక దీన్ని చింపెయ్యలేదు.