కనుబొమ్మ మీద పెద్దమ్మ బొటనవేలు

“వాడి ఎడమ కన్ను ఎప్పుడూ నిద్రపోతున్నట్టే ఉంటుంది. లోపల చూపు కూడా నిద్రపోతోందేమో పెద్దమ్మా?”

ఫోన్‌లో మా అబ్బాయి గురించి నేనిలా అడిగితే అవతల మల్సున్ పెద్దమ్మ నవ్వింది. మా అమ్మకు అక్క. దేగూ నగరంలో కనురెప్పల ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమెకు ఒకటే పిచ్చి. ఎదుట ఎవరున్నా సరే, కనుబొమ్మ మీద బొటనవేలు ఆనించి, “కిందికి చూడు, ఇప్పుడు పైకి చూడు,” అంటుంది.

ఎర్రదీపం పడితే టాక్సీ డ్రైవరును నొక్కుతుంది. పెళ్లిలో వియ్యంకుడిని నొక్కింది. ప్రార్థనలో పాస్టరుగారి కళ్లు వాలితే, అది భక్తో రెప్ప జారడమో తేలేదాకా ఆగలేక లేచి వెళ్లింది. జారడమేనని తేలింది. వయసు మీదపడి, రెప్పను లాగే నరంలాంటి పట్టీ సాగిందట. ఆపరేషన్ తరవాత ఆయనకు వెనక బెంచీలో కునుకుతున్నవాళ్లంతా కనిపిస్తున్నారు. చర్చివాళ్లు పెద్దమ్మను ఇంకా క్షమించలేదు.

ఆ నొక్కుడులో శాస్త్రం ఉంది. రెప్ప బరువైనవాళ్లు నుదుటితో దొంగచాటుగా ఎత్తుతారు. నుదురును పట్టేస్తే రెప్ప కండరం బలమెంతో బయటపడుతుంది. కొంత ఉంటే ఆ కండరాన్ని కురచ చేస్తారు, లేకపోతే రెప్పను నుదుటి కండరానికి ముడేస్తారు. మా దావోన్‌కు మూడేళ్లు. పుట్టుకతోనే ఆ కండరం సరిగా ఎదగలేదు. రెప్ప కంటిపాపను మూసేస్తే ఆ కన్ను చూడడమే నేర్చుకోదని చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. వాడేమో ఏ డాక్టరునూ ముఖం ముట్టనివ్వడు. సోమవారం మళ్లీ వెళ్లాలి.

ఈలోగా మా ఇంట్లో ఏడాదికి సరిపడా క్యాబేజీ పచ్చడి, అదే కిమ్చీ, పెట్టే రోజు వచ్చింది. అందరి చేతులకూ మోచేతుల దాకా కారం. పెద్దమ్మను చూడగానే దావోన్ క్యాబేజీ బుట్టల వెనక దాక్కున్నాడు. ఆమె వాడివైపే చూడలేదు. చేతులు శుభ్రంగా కడుక్కొచ్చి మా అమ్మతో మొదలుపెట్టింది.

“వద్దక్కా, చేతులు కారం.”

“కారం నీ చేతులకే. నావి కడిగాను. పైకి చూడు.”

ఆ చేతులతో ఆమెను నెట్టే ధైర్యం ఎవరికుంది? మా బావ, పోయినేడే చూశారు కదా అని గొణిగాడు.

“పోయినేటికన్నా ముసలాడివయ్యావు. కిందికి చూడు.”

వరసగా అందరూ కళ్లు తిప్పుతుంటే దావోన్ పకపకా నవ్వాడు. బుట్టల వెనకనుంచి వచ్చి, ముందు పెద్దమ్మ కనుబొమ్మే నొక్కాడు. ఆమె బుద్ధిగా కిందికీ పైకీ చూసింది. అప్పుడు వాడు తన ముఖం ముందుకు చాపాడు.

ఆసుపత్రిలోనూ ఇంతేనట. ఒక్క పిల్లాడిని చూడాల్సివస్తే, వాడు బెదరకుండా వరండాలో ఉన్న పెద్దలందరినీ నొక్కేదట. ఆ అలవాటే ఇంటికొచ్చిందని అమ్మ చెప్పింది.

“కండరంలో కాస్త బలముంది. కంటిపాప మూసుకోలేదు,” అంది పెద్దమ్మ. “రెప్ప కిందనుంచి చూడడానికి గడ్డం ఎత్తుకు తిరుగుతున్నాడని నువ్వు ఏడుస్తున్నావు. ఎత్తుతున్నాడంటే ఆ కన్ను వాడుకుంటున్నాడురా. మానేశాడనుకో, అప్పుడు పరిగెత్తు. సోమవారం మాత్రం మానకు.”

సోమవారం వాడిని పరీక్షించి డాక్టరుగారూ అదే అన్నారు. చూపును తరచూ పరీక్షిస్తూ ఉండాలట, ఆపరేషన్ బడికి వెళ్లేముందు చేయవచ్చట.

కిమ్చీ పెట్టిన రోజు వెళ్తూ వెళ్తూ చెప్పుల దగ్గర పెద్దమ్మ ఇంకో మాట అంది. “ఇరవైనాలుగ్గంటలూ వాడి రెప్పను చూస్తూ కూర్చోకు. వాడు దేన్ని చూస్తున్నాడో, నువ్వూ దాన్ని చూడు.”

నిన్న సాయంత్రం తండ్రీకొడుకులం గడ్డాలెత్తుకుని, పిట్టలకని కొమ్మ చివర వదిలేసిన పండును చాలాసేపు చూశాం.