నా పేరున ఒక ఫ్లెక్సీ

బతికుండగా నాకెవరూ ఫ్లెక్సీ కట్టలేదు. జమ్మలమడుగు నుంచి ఒక దినపత్రికకు ఇన్నేళ్ళుగా వార్తలు రాస్తున్నా, పుట్టినరోజుకు కూడా ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. పెన్నాలో యంత్రాలు పెట్టి ఇసుక తోడేస్తున్నారని, ఒడ్డు పల్లెల్లో తాగునీటి బోర్లు ఎండిపోతున్నాయని రాసిన మర్నాడు ఆ ముచ్చట తీరింది. ఆ వార్త రెండు భాగాలు. యంత్రాలు ఎవరివో రెండో భాగంలో వస్తుందని మొదటిదాని చివరనే వేశాం.

పొద్దున్నే బస్టాండు దగ్గర టీ అంగడికి పోతే, ఎదురుగా కరెంటు స్తంభానికి నేను వేలాడుతున్నాను. పెద్ద బొమ్మ, మెడలో దండ, పైన ‘కన్నీటి శ్రద్దాంజలి’. కింద నేను పుట్టిన సంవత్సరం వేశారు. ‘మరణం’ అన్నచోట ఏమీ రాయకుండా ఖాళీ వదిలారు. ఎప్పుడంటే అప్పుడు పూరిస్తామని చెప్పడమే దాని ఉద్దేశం.

టీ అంగడాయన గ్లాసు నా చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

“ఎవురు కట్టినారో నన్ను అడగాకప్పా. నేను అంగడి తీసేతలికే ఉండాది. నాలుగు దినాలు అత్తగారింటికి పో. ఆ రెండోది రాయాకు.”

“అత్తగారింట్లో నాలుగు దినాలుంటే ఆ ఖాళీ మా అత్తే నింపుతుంది మామా.”

“నీకు ఎగతాళిగా ఉండాది. పొద్దున్నుంచి రెండుసార్లు పాలు పొంగబెట్టినా.”

పులివెందులలో పుట్టింటికి వెళ్ళిన నా భార్యకు అప్పటికే ఎవరో ఆ ఫోటో పంపారు. ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

“ఆ బొమ్మ యాడ దొరికింది వాళ్ళకు? దాంట్లో శానా బాగుండావు,” అంది. తర్వాత, “భయపడి ఆపేస్తే ఈడికి రావద్దు. రాసినాక రా,” అంది.

భయం నాకూ ఉంది. అయితే ఆ ఫ్లెక్సీని చూసేకొద్దీ భయం కంటే చిరాకు ఎక్కువైంది. ‘శ్రద్ధ’లో ధ ఒత్తు పెట్టవలసిన చోట ద ఒత్తు పెట్టారు. ఒత్తిడి తెచ్చేవాళ్ళకు ఒత్తులు తెలియవు. ఈ తప్పుతో మాత్రం నేను చావలేను.

బెంచీ లాక్కొని ఎక్కాను.

“యాడికి ఎక్కతాండావప్పా? పడతావు,” అంటూనే అంగడాయన వచ్చి బెంచీ పట్టుకున్నాడు.

జేబులోని మార్కర్ తీసి ఒత్తు దిద్దాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చుట్టూ చేరారు. ‘మరణం’ పక్కనున్న జాగాలో పెద్ద అక్షరాలతో ‘ఖాళీ లేదు’ అని రాశాను. ఎవరో ఫక్కున నవ్వారు, ఆ వెంటనే అందరూ. మోటారుసైకిల్ మీద కూర్చున్న ఒక మనిషి మాత్రం నవ్వకుండా నన్నే చూస్తున్నాడు. మార్కర్‌కు మూత పెట్టి దిగాను.

ఇంటికి పోయి రెండో భాగం పూర్తిచేసి ప్రొద్దుటూరులోని మా పత్రికాఫీసుకు పంపాను. అక్కడి సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు.

“ఇసుకోళ్ళ పేర్లన్నీ ఉండాయన్నా. నీ పేరు తీసేసి ‘మా ప్రతినిధి’ అని వేద్దామా?”

“వాళ్ళ పేర్లు వేసి నా పేరు దాస్తే ఏం మర్యాదప్పా? వెయ్యి.”

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

“ఇంటిపేరుతోనా, ఉత్త పేరేనా?”

“రెండూ. ఊరు కూడా,” అన్నాను.