వేట క్లాసులో జోడీ

శుక్రవారం పొద్దున్నే సూర్యావతి చేపల కూరకి ఉల్లిపాయలు వేయిస్తుంటే ఇంటావిడ మునీరా వంటింట్లోకి వచ్చి పొయ్యి కట్టేయమంది.

"బూట్లేసుకో. మనిద్దరం క్లాసుకి వెళ్తున్నాం."

సూర్యావతికి బూట్లు లేవు. మునీరా తన పాత నడక బూట్లు తెచ్చి ఇచ్చింది. అవి వదులుగా ఉంటే ముందు భాగంలో కాగితాలు కుక్కుకుంది. ఏం క్లాసో అడగలేదు. మునీరాకి షుగరు. ఏం తినాలో, ఏం తినకూడదో ఆసుపత్రి వాళ్ళు నేర్పుతారని ఈమధ్యే ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నది. వండేది తను కాబట్టి తననీ రమ్మంటోందేమో అనుకుంది.

సూర్యావతిది పాలకొల్లు దగ్గర పల్లె. నలభై ఏడేళ్ళుంటాయి. భర్త అక్కడే పంక్చర్ల షాపు నడుపుతాడు, కూతురు లక్ష్మిప్రసన్నకి పెళ్ళై తణుకులో ఉంటోంది. వాళ్ళ వైపు ఆడవాళ్ళు చాలామంది గల్ఫ్ ఇళ్ళలో పనికి వచ్చినట్టే తనూ వచ్చింది. వచ్చినప్పటినుంచీ ముహర్రక్ అనే ఊళ్ళో ఈ ఒక్క ఇంట్లోనే వంట చేస్తోంది. అందరు పనివాళ్ళలాగే ఇంటావిడని 'మామా' అని పిలుస్తుంది. వంటింటికి సరిపడా అరబ్బీ వచ్చు. వంటిల్లు దాటితే ఆ అరబ్బీ సరిపోదు.

కారు మునీరానే నడిపింది. ఊరు దాటింది, కర్జకాన్ ఖర్జూరం తోటలూ దాటింది, ఆ తర్వాత చెట్టన్నది లేని నేల వచ్చింది. ఇంత దూరంలో ఆసుపత్రేంటి అనుకుంటుండగా ఠప్‌ఠప్‌మని చప్పుళ్ళు వినిపించాయి. ఎవరిదో పెళ్ళి, టపాసులు కాలుస్తున్నారనుకుంది. కారు సరిగ్గా ఆ చప్పుళ్ళున్న చోటే ఆగింది. లోపల గోడల నిండా పిట్టల బొమ్మలు, జింకల బొమ్మలు, అద్దాల బీరువాలో తుపాకులు.

"మామా, ఇదేం క్లాసు?"

"వేట క్లాసు. ఆడవాళ్ళకి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి."

"మరి నేనెందుకు?"

"ఇద్దరిద్దరు జోడీగా ఉండాలి. మా చెల్లెలు వస్తానని రాలేదు. కూర్చో."

"మామా, నేను వంట చేసేదాన్ని."

"నాకు తెలుసు. నా పక్కన కూర్చో."

పాఠం చెప్పే అమ్మాయి పేరు హయా. ముప్పై ఏళ్ళుంటాయేమో, తలగుడ్డ మీద టోపీ పెట్టుకుంది. గలగలా అరబ్బీ, మధ్యమధ్య ఇంగ్లీషు. అందులో సూర్యావతికి మూడు మాటలు దొరికాయి. నోరు, వేలు, వెనకాల. తుపాకీ నోరు మనిషి వైపు తిప్పకూడదు. కొట్టాలని తేల్చుకునేదాకా వేలు లోపల పెట్టకూడదు. కొట్టే దాని వెనకాల ఏముందో చూడాలి. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత తెర మీద పిట్టల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఒక్క కౌజు పిట్ట దగ్గర తప్ప ప్రతి దాని దగ్గరా హయా తల అడ్డంగా ఊపి, "లా" అంది. ఇదొద్దు. ఇదొద్దు. ఇదీ వద్దు. గూడు కట్టే కాలంలో ఏదీ వద్దు. సూర్యావతి పక్కకి చూసింది. మునీరా శ్రద్ధగా రాసుకుంటోంది.

సాయంత్రం చెత్త సంచి పడేయడానికి వీధిలోకి వెళ్తే నరసాయమ్మ కనిపించింది. నాలుగిళ్ళ అవతల పనిచేస్తుంది, నరసాపురం మనిషి, సూర్యావతి కంటే పెద్దది.

"ఏంటే సూర్యా, పొద్దున్న బూట్లేసుకుని కారెక్కావంట?"

"వేట నేర్చుకోడానికి తీసుకెళ్ళిందక్కా."

"వేటేంటే? ఈ దేశంలో పిట్టని కొడితే పట్టుకుపోతారంట కదా."

"ఇక్కడ కాదంట. వేరే దేశాలెళ్ళి కొడతారంట. నేర్చుకోడం ఇక్కడ."

"ఎలా కొట్టాలో నేర్పారా?"

"ఏది కొట్టకూడదో చెప్పారక్కా, పొద్దున్నించీ అదే. కొట్టడం ఇంకా రాలేదు."

నరసాయమ్మ గొంతు తగ్గించింది. "మీ ఆవిడకి మొగుడు పోయాక మనసేం బాలేదేమోనే" అంది.

ఆ మాట సూర్యావతికి పట్టుకుంది. మునీరా భర్త ఏటా చలికాలంలో స్నేహితులతో కలిసి వేటకని ఏ దేశానికో వెళ్ళేవాడు. నెల రోజులు ఆచూకీ ఉండేది కాదు. వెళ్ళేముందు వారం, వచ్చాక వారం ఆ ఇంట్లో గుడారాలు, మూటలు, ఇసక. ఎక్కడికెళ్ళాడో, ఏం కొట్టాడో మగవాళ్ళ గదిలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మునీరా తలుపు దాకా టీ పళ్ళెం తెచ్చి ఇచ్చి వెనక్కి వెళ్ళేది. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు ఈవిడకి వేటేంటి?

మరుసటి శుక్రవారం హయా అందరి కళ్ళూ చూసింది. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది గడియారాన్ని చూడమంది. తర్వాత ఒక్కో కన్నూ మూయమంది. కుడికన్ను మూస్తే సూర్యావతికి గడియారం అలాగే ఉంది. ఎడమకన్ను మూస్తే మాయమైంది. మళ్ళీ చేసింది. మళ్ళీ మాయమైంది.

"నీ అసలు కన్ను ఎడమది. నువ్వు ఎడమ భుజం మీద పెట్టి కొట్టాలి" అంది హయా.

"నేను అన్నీ కుడిచేత్తోనే చేస్తాను మేడం."

"చేతులు కుడివి. కన్ను ఎడమది. అలా కొందరికి ఉంటుంది."

ఇన్నేళ్ళూ తను ఒక కన్నుతో చూస్తున్నానని సూర్యావతికి తెలియదు. ఆ వారమంతా వంటింట్లో ఆ పరీక్షే. ఎడమకన్ను మూసి కొత్తిమీర తరిగింది, కుడికన్ను మూసి తరిగింది. ఏ తేడా తెలియలేదు. పోపు మాత్రం ఒకసారి మాడింది. మునీరా అదేం గమనించలేదు. ఆవిడ కూడా బల్ల మీద వేళ్ళతో సందు చేసి ఉప్పు డబ్బాని చూస్తోంది.

మూడోసారికి బయట మైదానంలో నిలబెట్టారు. చెవులకి డిప్పలు, కళ్ళకి అద్దాలు. నేల మీది యంత్రం లోంచి నారింజ రంగు మట్టి పళ్ళెం ఒకటి గాల్లోకి లేస్తుంది, దాన్ని కొట్టాలి. సిద్ధమైనప్పుడు అరవాలి, ఏ మాటైనా ఫరవాలేదంది హయా. మునీరా ముందు నిలబడి గట్టిగా "యల్లా!" అంది. పళ్ళెం లేచింది, తుపాకీ పేలింది, పళ్ళెం దాని దారిన అది వెళ్ళి ఇసకలో పడింది. మళ్ళీ యల్లా, మళ్ళీ ఇసక. మునీరా పెదవి బిగించి పక్కకి వచ్చింది.

సూర్యావతి ఎడమ భుజానికి తుపాకీ ఆనించింది. ఎడమచేత్తో ఎవరికైనా ఏదైనా ఇస్తే పెద్దవాళ్ళు కసురుకునే ఊళ్ళో పెరిగిన మనిషి. ఆ చేతి వేలు ఎక్కడ పెట్టాలో అది తనదే కానట్టు వెతుక్కోవలసి వచ్చింది. హయా వెనకనుంచి, "అరువు, అరువు" అంటోంది. చివరికి కోళ్ళని తోలినట్టు "హుష్!" అంది.

పళ్ళెం లేచింది. మొదటిది పోయింది. రెండోది పోయింది. మూడోది లేచినప్పుడు సూర్యావతి ఏమీ ఆలోచించలేదు. ఆకాశంలో నారింజ చుక్క ఒక్కటే ఉంది, ఇంకేం లేదు. తర్వాత ఆ చుక్క లేదు, నల్లటి పొగలా ముక్కలు రాలుతున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. తిరిగి చూస్తే మునీరా.

ఆ తర్వాత మరొకటి పగిలింది. ఇంకొకటి పగిలింది. చప్పట్లు ఎప్పుడు ఆగాయో సూర్యావతి చూసుకోలేదు. చివరికి తుపాకీ దించి హయా చేతికిచ్చింది. ఇంకోటి కొట్టాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

"రోజూ చేపలు కోస్తావు కదే, దీనికింత ఇదేంటి?" అంది నరసాయమ్మ ఆ సాయంత్రం.

"అది చచ్చిన చేప కదక్కా."

"ఇది మట్టి పళ్ళెం కదే."

"అవును" అంది సూర్యావతి. "అదే నాకూ అర్థం కావట్లేదు."

పరీక్ష రోజు ఖాళీ తుపాకీ పట్టుకుని ఒక కాలిబాటలో నడవాలి. పొదల్లో అట్టల మీద గీసిన జంతువులు, పిట్టలు నిలబెట్టి ఉంటాయి. కనిపించగానే తుపాకీ ఎత్తి కొడతాననో కొట్టననో చెప్పాలి. పక్కన హయా నడుస్తుంది. మునీరా ముందు వెళ్ళింది. వంపు దాకా సూర్యావతికి ఆవిడ వీపు కనిపిస్తూనే ఉంది. అక్కడ ఎండుపొద పక్కన జింక బొమ్మ. మునీరా వెంటనే తుపాకీ ఎత్తి, "కొడతాను" అంది. హయా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ముందుకి తీసుకెళ్ళింది. జింక వెనకాల, పొదలో, ఎర్ర గళ్ళ తలగుడ్డ కట్టుకున్న మనిషి అట్ట ఒకటి ఉంది.

"నాకు జింక ఒక్కటే కనిపించింది" అంది మునీరా.

"అందరికీ అలాగే కనిపిస్తుంది. కానీ దీనికి మార్కులు ఉండవు. ఖలాస్, అయిపోయింది."

సూర్యావతి వంతు వచ్చేసరికి బొమ్మల చోట్లు మార్చారు. ప్రతి దాని ముందూ ఆగి, చుట్టూ చూసి, ఏమీ తోచక "లా, లా" అంటూ నడిచింది. చివర్లో ఖాళీ ఆకాశంలోకి లేస్తున్నట్టు కట్టిన కౌజు పిట్ట బొమ్మ ఒకటి వచ్చింది. వెనకాల ఏమీ లేదు. ఆమె నోట్లోంచి తెలుగులోనే వచ్చేసింది. "కొట్టేస్తా."

"అంటే?" అంది హయా.

"కొడతాను మేడం."

క్లాసులో సూర్యావతి పాసయింది. మునీరా తప్పింది.

తిరుగుదారిలో మునీరా కర్జకాన్ దగ్గర బండి పక్కకి ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకు కూర్చుంది. సూర్యావతికి ఏం చేయాలో తెలియక నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుంది.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను" అంది మునీరా. "ఏటా నెల రోజులు ఆయనకి నాకంటే ఎక్కువైనది అక్కడేముందో తెలుసుకుందామనుకున్నాను. అంతే. నాకు పిట్ట మాంసం కూడా పడదు."

సూర్యావతి తలూపింది.

"పళ్ళెం పగిలినప్పుడు నీకేమనిపించింది? నిజం చెప్పు."

సూర్యావతి నోరు తెరిచింది. ఉప్పు ఎక్కువైందని చెప్పగలదు, నూనె అయిపోయిందని చెప్పగలదు. దీనికి తన దగ్గర అరబ్బీ లేదు. తెలుగులో వెతుక్కుంది, అక్కడా దొరకలేదు. బాగుందని చెప్తే ఈవిడ బాధపడుతుంది. ఏం లేదని చెప్తే అబద్ధం.

"తెలియదు మామా. ఏమీ గుర్తు రాలేదు అప్పుడు. ఇల్లూ గుర్తు రాలేదు, మీరూ గుర్తు రాలేదు."

మునీరా ఆమె వైపు తిరిగి చూసింది. కోపమో కాదో సూర్యావతికి పోల్చుకోవడం చేతకాలేదు. "అంతేనేమో" అని బండి తీసింది.

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలు తగ్గాయి. ఏం వండాలో మునీరా చెప్పేది, సూర్యావతి వండేది. తప్పు చేశానా అని సూర్యావతి తనని తానే అడిగేది. రమ్మంటే వెళ్ళింది, కొట్టమంటే కొట్టింది. ఇందులో తప్పెక్కడుందో ఆమెకి అంతుపట్టలేదు. ఒకనాడు మునీరా మళ్ళీ బూట్లేసుకోమంది. మళ్ళీ అదే క్లాసు, మొదటినుంచి. ఈసారి ఆవిడ ప్రతి పొద దగ్గరా మెడ అటూ ఇటూ చాపి చూసి, తొందరపడకుండా పాసయింది.

చలికాలం ముందు ఆడవాళ్ళ బృందం ఒకటి వేటకి బయల్దేరుతోంది. మునీరా వాళ్ళకి పేరిచ్చింది.

"నువ్వూ రా. నాకంటే నువ్వే బాగా కొడతావు."

"వంట చేయడానికైతే వస్తాను మామా. పళ్ళేలైతే కొడతాను. ప్రాణమున్నదాన్ని కొట్టను."

"మరి నేర్చుకున్నావెందుకు?"

"మీరు తీసుకెళ్ళారు కదా."

మునీరా నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. భర్త పోయాక ఆవిడ అలా నవ్వడం సూర్యావతి చూడలేదు. తను నవ్వొచ్చే మాట ఏమందో మాత్రం తెలియలేదు.

చివరికి ఆవిడ చెల్లెలితో వెళ్ళింది. వారం తిరక్కుండానే వచ్చేసింది. ఒళ్ళు కొరికే చలంట. తెల్లారకముందే లేవాలంట. ఎవరూ ఏమీ కొట్టలేదంట.

"అక్కడేం లేదు సూర్యా. మంట చుట్టూ కూర్చుని టీ తాగడమే" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "వచ్చే ఏడు కూడా వెళ్తాను" అంది.

ఏమీ లేని చోటికి మళ్ళీ ఎందుకని సూర్యావతి అడగబోయి, టీ పెట్టడానికి లేచింది.

ఇప్పుడు శుక్రవారాలు ఇద్దరూ క్లాసు జరిగిన క్లబ్బుకి వెళ్తున్నారు. మునీరాకీ అప్పుడప్పుడూ ఒక పళ్ళెం పగులుతోంది. పోయిన వారం అక్కడే ఉండగా తణుకు నుంచి కూతురు ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పళ్ళేలు పగలగొడుతున్నానే."

అవతల లక్ష్మిప్రసన్న కంగారు పడింది. "అయ్యో, చెయ్యి జారిందా? ఆవిడ తిట్టలేదు కదా? ఎన్ని పగిలాయి?"

సూర్యావతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చేపల కూర, వదులు బూట్లు, ఎడమకన్ను దాకా చెప్పింది. అక్కడ తనకే గజిబిజి అయిపోయి, తన వంతు వచ్చిందని చెప్పి, సాయంత్రం చేస్తానని ఫోను పెట్టేసింది.