వగరు పోవాలని గడ్డిలో పెట్టిన సీసా

ఒక సీసా వైనునీ, ఒక గంప చిన్నరసాలనీ, మనవరాలి ఉద్యోగాన్నీ ఒకే పూటలో ముంచబోయిన మనిషిని నేను. మూడేళ్ళయింది. అప్పటికి నాకు అరవై ఎనిమిదే. చిన్నతనం, ఏం తెలుస్తుంది చెప్పండి.

మా మాధవి హైదరాబాదులో ఒక హోటల్లో వంట చేస్తుంది. కొత్తగా తెరిచే వంటింటికి దాన్ని పెద్దగా వెయ్యాలా వద్దా అని తేల్చుకోవడానికి వాళ్ళ పెద్ద వంటాయన నూజివీడులో మా తోటకి భోజనానికి వస్తానన్నాడు. వేటమాంసం ఇగురు, దానికి జోడీగా ఎర్ర వైను. మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసిందట, బాగా ఘాటైన రకమట. పొద్దున్నే మాధవి సీసా తెరిచి, కాసేపు గాలి తగలనిచ్చి, బిరడా వదులుగా పెట్టింది. "మామ్మా, దీన్ని కదపకు. చల్లగా ఉండాలి" అని చెప్పి, ఆయన్ని తీసుకురావడానికి విజయవాడ వెళ్ళింది.

ఇంటికొచ్చిన మనిషికి రుచి చూడకుండా ఏదీ పెట్టే అలవాటు లేదు నాకు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని నాలిక్కి తగిలించాను. నోరంతా పిడచకట్టుకుపోయింది. టెంక కట్టని పిందె కొరికినట్టు ఒకటే వగరు.

పిల్లకి కొట్టువాడు పచ్చి సరుకు అంటగట్టాడు. ఆ పెద్దాయన ఒక్క గుక్క తాగి, మామిడితోటలో పుట్టి పచ్చిదేదో పండేదో తెలియని పిల్లకి వంటిల్లు ఎలా ఇస్తానంటాడు. నాలుగో తరగతితో బడి మానేసినా, వగరుకి మందు నాకు తెలుసు. వరిగడ్డి.

రసాలు మాగవేసిన గదిలోకి వెళ్ళాను. మే నెల ఎండకి ఆ గది ఇటుకల బట్టీలా ఉంది. కాయల్ని పెట్టినట్టే సీసానీ గడ్డిలో పక్కకి పడుకోబెట్టాను. నాలుగు రోజుల పని మూడు గంటల్లో అవదని నాకూ తెలుసండీ. అందుకే పైన గోనెపట్టా కూడా కప్పాను.

కారు వచ్చిన చప్పుడు విని వెళ్ళి చూద్దును గదా, బిరడా ఎటో ఎగిరిపోయింది. గడ్డీ, రసాలూ కోడిపందెం బరిలా ఎర్రగా తడిసి ఉన్నాయి. సీసాలో మిగిలింది సగం. ముట్టుకుంటే కాఫీ గ్లాసులా కాలింది. తలుపేసి వచ్చేశాను.

భోజనాల దగ్గర మాధవి సీసా ఏదని అడిగిన ప్రతిసారీ నేను ఆయనకి ఇంకో గరిటె ఇగురు వడ్డించాను. మూడో గరిటెకి దానికి అనుమానం వచ్చి ఇల్లంతా వెతికింది. గడ్డిపరకలు అంటుకున్న సీసాతో వచ్చింది.

"మామ్మా, ఇది పళ్ళ గదిలో ఎందుకుంది?"

"మాగలేదే" అన్నాను.

పెద్దాయన ముద్ద ఆపాడు. "ఏంటి మాగనిది, మామ్మగారూ?"

"మీ వైనేనండీ. వగరుగా ఉంది. పిల్ల చల్లగా ఉంచమంది బాబూ. తప్పు నాది."

మాధవి సీసాకి తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద పెట్టింది. ఈలోగా మిరియాలు దంచి ఇగురులో వేసి ఇంకో పొంగు రానిచ్చింది. పావుగంట తరవాత ఆయన ముక్క తిని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు. భయంతో నేనూ మూసుకున్నాను.

"ఆ వగరు కోసమే దీన్ని కొంటారు, మామ్మగారూ. కొవ్వు ముక్క తిన్నాక తాగి చూడండి."

పిల్ల బతుకు ఆయన చేతిలో ఉందాయె, కాదనలేక ఒక చెంచా తాగాను. నోట్లో జిడ్డంతా చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా వదిలిపోయింది. పారబోయడం ఎందుకని రెండో చెంచా కూడా తాగాను. మూడోది మాధవి పోయలేదు.

తడిసిన గడ్డి గేదెకి వేశాను. అది మాత్రం వగరని అనలేదు.

రెండు రోజులకి మాధవి ఫోను చేసింది. వంటిల్లు దానిదే. చెడినదాన్ని అరవకుండా చక్కదిద్దింది, అది చాలన్నాడట ఆయన. కాకపోతే ఒక షరతు పెట్టాడట. వైను సీసాల గదికి ఒక తాళం, మామ్మగారు చూడటానికొచ్చిన రోజున రెండు.

మా ఇంటి రసాల గంప మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ, తొడిమ లేనిదేదీ గడ్డిలో పెట్టను.