బుడమేరు నీళ్ళలో అంగారకుడి గొడుగు

మా వర్క్‌షాపు ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఉంటుంది. మొదట్లో అక్కడ లారీలకు టార్పాలిన్లు కుట్టేవారు. తర్వాత రొయ్యల చెరువుల అడుగున పరిచే షీట్లు అతికించడం మొదలుపెట్టారు. నేను ఇంజనీరుగా చేరిన కొన్నేళ్ళకు, రబ్బరు పూత వేసిన గుడ్డను గాలి పోకుండా అతికించే మా పనితనం చూసి, ఒక పరిశోధన బృందం మాకో పని అప్పజెప్పింది. అంగారకుడి మీద దిగబోయే నౌకకు వేగం తగ్గించే సాధనానికి, నేలమీద పరీక్షించడానికి ఒక నమూనా చెయ్యాలి. మేం దాన్ని గొడుగు అనేవాళ్ళం.

నిజానికి అది మడిచి పెట్టిన గుడ్డ. నౌక అక్కడి గాలిలోకి దూసుకుపోయే ముందు అందులోకి గ్యాసు ఎక్కిస్తారు. చిన్న ట్యూబు మీద పెద్ద ట్యూబు, దాని మీద ఇంకా పెద్దది పేర్చినట్టుగా చుట్లు చుట్లుగా ఉబ్బి, వెడల్పాటి గరాటులా తయారవుతుంది. దాని మొన ముందుకు ఉంటుంది. అక్కడి గాలి బాగా పల్చన. అంత పల్చటి గాలికి కూడా నౌక చిక్కాలంటే గరాటు ఎంత వెడల్పుంటే అంత మంచిది. ఎదురుగాలిలో గొడుగు వేసుకుని బందరు రోడ్డు మీద నడిచినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇదంతా నేను మా అన్నయ్యకు డయాలసిస్ గదిలో కూర్చుని చెప్పేదాన్ని. అన్నయ్యకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మిషను పక్కన గంటలకొద్దీ కదలకుండా పడుకోవాలి. విసుగెత్తిపోయేవాడు.

"రొయ్యల చెరువుల నుంచి ఏకంగా అంగారకుడికా? అక్కడ కూడా రొయ్యలే వేస్తారేమో కనుక్కో. మన వాళ్ళు ఊరుకోరు" అని నవ్వేవాడు.

ఆ ఏడాది వానలకు బుడమేరు వాగు గట్టు తెగింది. అన్నయ్య వాళ్ళ కాలనీ మునిగింది. పటమటలో మా ఇంటి ముందు చుక్క నీరు నిలవలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకటే ఊరు. ఇటు టిఫిను బండి దగ్గర ఇడ్లీ వాయిలు దిగుతున్నాయి, అటు మేడల మీద జనం మంచినీళ్ళ కోసం కేకలు పెడుతున్నారు.

వదిన ఫోన్ చేసింది. "అమ్మాయ్, డయాలసిస్ తప్పిపోయింది. ఒళ్ళంతా నీరు పట్టేసింది మీ అన్నయ్యకి. పడుకుంటే ఊపిరాడట్లేదంటున్నారు. రాత్రంతా కూర్చునే ఉన్నారు. ఏదో ఒకటి చెయ్యి."

ఆసుపత్రికి చేరిస్తే అన్నయ్య బతుకుతాడు, లేకపోతే లేదు. పడవల కోసం ఎన్ని చోట్లకు ఫోన్ చేసినా ఒకటే జవాబు. "రాసుకున్నామండీ, వస్తారండీ." రాసుకోవడానికి మాత్రం మనుషులు దొరికారు, తొక్కలో ఊరు.

ఏడుస్తూ వర్క్‌షాపుకు వెళ్ళాను. షెడ్డులో గాలి నింపిన గొడుగు మొన కిందికి పెట్టి ఉంది. రెండేళ్ళ పని. ఆ వారమే పరీక్షకు పంపాల్సి ఉంది. మా ఓనరు గారు నా మాట విని, దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"మేడమ్, అచ్చం పుట్టిలా లేదూ? మా తాత కృష్ణలో పుట్టి మీదే చేపలు పట్టేవాడండీ. ఇది ఆరుగురెక్కినా మునగదు. పట్టండి, గాలి తీసి లారీ ఎక్కిద్దాం."

అంతే. బృందం వాళ్ళకు ఏం చెప్పాలన్న మాట కూడా ఎత్తలేదు. ఆయన్ని చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్ళం, ఆ గుండ్రటి బుట్ట పడవల్ని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాం. ఇది తేలుతుందా అని చూశాం గానీ, ఎలా నడుస్తుందని ఎవరమూ అడగలేదు. నాకు కూడా తట్టలేదు.

ఫ్లైఓవర్ దిగేచోట అంబులెన్సును నిలబెట్టి, కంప్రెసర్‌తో గాలి నింపాం. మొన దగ్గర నౌక అమరడానికి వదిలిన రంధ్రానికి టార్పాలిన్ ముక్క అతికించాం. ఓనరు గారు, ఇద్దరు పనివాళ్ళు, నేను ఎక్కాం. ప్రవాహం మమ్మల్ని కాలనీ వైపు దానంతటదే తీసుకుపోయింది. అక్కడే మోసపోయాం. ఎంత తేలిగ్గా వచ్చేశామో అనుకున్నాం.

అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం వాచిపోయి కళ్ళు గీతల్లా ఉన్నాయి. నలుగురం పట్టి ఎక్కించాం. వదిన పక్కన కూర్చుని అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణం ఎదురు నీళ్ళలో. తెడ్లు వేస్తే గొడుగు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పల్చటి గాలిని పట్టుకోవాల్సిన ఆ వెడల్పంతా ఇప్పుడు చిక్కటి బురదనీటిని పట్టుకుంది. పనివాళ్ళు ఛాతీ లోతు నీళ్ళలోకి దిగి నెట్టారు. ఇళ్ళ కిటికీ ఊచలు పట్టుకుని ఒక్కో ఇల్లూ దాటించారు. సందు వచ్చినప్పుడల్లా పక్కనుంచి వచ్చే నీళ్ళు మళ్ళీ వెనక్కి తోసేసేవి. మేడల మీదివాళ్ళు "ఎడమకి తిప్పండి, ఎడమకి" అని అరుస్తున్నారు. వాళ్ళ మీద రాయి విసరాలన్నంత కోపం వచ్చింది. గాలిని అడ్డుకునే ఈ గొడుగు ఎదురు పట్టు పెరగాలని ఏడాది పాటు చుట్ల కొలతలు మార్చి మార్చి చూసింది నేనే. అనుకున్నంత పెరిగిన రోజు షెడ్డులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఇప్పుడది అడుగు ముందుకు పడనివ్వడం లేదు.

"ఇంకాస్త తొందరగా పోదా అమ్మాయ్? నువ్వు చేసిందే కదా!" అంది వదిన.

"పోతుంది వదినా" అన్నాను.

అన్నయ్య నా భుజానికి ఆనుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా లోపల నీళ్ళు గుడగుడలాడుతున్నాయి. "తిప్పొద్దనవే, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. కాసేపటికి నోటి పక్కన నురగ వచ్చింది. చీర కొంగుతో తుడిచాను. మళ్ళీ వచ్చింది.

ఓనరు గారు కూడా నీళ్ళలోకి దిగిపోయారు. ఆ వయసులో, ఆ బరువుతో, భుజం ఆనించి నెడుతూ "ఇంకొక్క సందండీ, ఇంకొక్క సందు" అంటున్నారు. ఫ్లైఓవర్ కనబడింది. అంబులెన్సు మీద దీపం తిరుగుతోంది. అంత దగ్గర. అప్పుడు నా భుజం మీద తల ఒక్కసారిగా బరువెక్కింది. గుడగుడ వినిపించలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. మెడ మీద పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచాను.

వదిన విసురుతూనే ఉంది. నీళ్ళలో ముగ్గురూ రొప్పుతూ నెడుతూనే ఉన్నారు. ఒకడి అరచేతిలోంచి రక్తం కారుతోంది.

నేను వదిన వైపు చూడకుండా, ఓనరు గారితో అన్నాను. "ఇంక తొందరేం లేదండీ. మెల్లగా పోనివ్వండి."

అట్టముక్క ఆగిపోయింది.